ఆస్పత్రి భూమి ఎప్పుడు మిగులుతుంది?

లండన్ ఉత్తర శివార్లలో, ఫ్రయర్న్ బార్నెట్ అనే చోట, 1851లో ఒక పెద్ద మానసిక చికిత్సాలయం తెరుచుకుంది. దానికి పునాదిరాయి వేసింది విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్. నూట నలభై ఏళ్లపాటు వేలాదిమంది రోగులు ఆ ఆవరణలో బతికారు. చాలామంది అక్కడే చనిపోయారు. 1993లో చికిత్సాలయాన్ని మూసేశారు. ఆ తరవాత భవనం ప్రిన్సెస్ పార్క్ మేనర్ అన్న కొత్త పేరుతో, ఈతకొలనూ వ్యాయామశాలా ఉన్న ఖరీదైన నివాస సముదాయంగా మారింది. ఇంగ్లండులో ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ గత అరవై ఏళ్లలో ఇలా చేతులు మార్చిన స్థలాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో కొన్ని అమ్మదగినవే. మరికొన్ని అమ్మకుండా ఉండవలసినవి. ఆ రెంటినీ వేరు చేసే గీత ఎక్కడుందన్నదే ఈ ప్రసంగం విషయం. ఆస్పత్రి స్థలం మిగులు అవునో కాదో తేల్చవలసింది రాబోయే తరాల వైద్య అవసరమే. ఖజానాలో ఈ ఏటి లోటుకు ఆ అధికారం ఇవ్వకూడదు. అమ్మక తప్పనప్పుడు వచ్చిన సొమ్ము తిరిగి ఆస్పత్రి గోడలకూ పడకలకూ చేరాలి. నగరం నడిబొడ్డున ఉన్న స్థలాన్ని మాత్రం అమ్మడం కన్నా చేతిలో ఉంచుకుని కొత్త అవసరానికి వాడుకోవడం మేలు. ఇదీ నా అభిప్రాయం. దీనికి ఆధారాలు ఇంగ్లండులోనూ ఉన్నాయి, మన హైదరాబాదులోనూ ఉన్నాయి.

ఆస్పత్రి దగ్గర భూమి అసలెందుకు మిగులుతుంది? వైద్యం మారుతుంది కాబట్టి. దీనికి అన్నిటికంటే పెద్ద సాక్ష్యం మన పక్కనే, మద్రాసులో పుట్టింది. క్షయరోగులకు కొండగాలీ, నెలల తరబడి విశ్రాంతీ తప్పవని ఒకప్పుడు ప్రపంచమంతా నమ్మింది. అందుకే ఊళ్లకు దూరంగా విశాలమైన ఆవరణల్లో శానిటోరియంలు కట్టారు. మందులు వచ్చాక మద్రాసులోని క్షయ పరిశోధన కేంద్రం ఒక పరీక్ష చేసింది. కొందరు రోగులను శానిటోరియంలో ఉంచి, మరికొందరిని ఇంటి దగ్గరే ఉంచి, అవే మందులు ఇచ్చి చూసింది. ఇరుకు ఇళ్లలో, చాలీచాలని తిండితో ఉన్నవాళ్లు కూడా శానిటోరియంలో ఉన్నవాళ్లలాగే కోలుకున్నారు. 1959లో ఆ ఫలితం ప్రచురించాక, శానిటోరియం పడకల అవసరం మీద నమ్మకమే సడలిపోయింది. అలా ఖాళీ అయిన ఆవరణలను ఎవరు ఏం చేసుకున్నారన్నది ఒక్కోచోట ఒక్కో కథ. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం ప్రభుత్వానిది కాదు, క్రైస్తవ మిషన్లు 1915 ప్రాంతంలో నెలకొల్పినది. క్షయ పడకల అవసరం తగ్గాక అది సాధారణ వైద్యశాలగా, నర్సింగ్ శిక్షణ ఇచ్చే చోటుగా మారింది. పాత అవసరం తీరింది, స్థలం మాత్రం వైద్యం చేతిలోనే ఉండిపోయింది.

ఇంగ్లండు కథ ఇంకా పెద్దది. 1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సేవ మొదలైనప్పుడు ఇంగ్లండు, వేల్స్‌లలో 2,688 ఆస్పత్రులు ఒక్కసారిగా ప్రభుత్వం చేతికి వచ్చాయి. ధర్మాసుపత్రులు, పురపాలక ఆస్పత్రులు, పేదల వసతిగృహాల నుంచి మారినవి, పొలాలూ నీళ్ల ట్యాంకులూ సొంతంగా ఉన్న మానసిక చికిత్సాలయాలు, అన్నీ అందులో ఉన్నాయి. ఎవరూ ప్రణాళిక వేసి కూడబెట్టిన ఆస్తి కాదది, చరిత్ర ఒకచోట పోగేసిన ఆస్తి. 1961లో ఆరోగ్యమంత్రి ఈనాక్ పావెల్ ఒక ప్రసంగంలో, పదిహేనేళ్లలో మానసిక చికిత్సాలయాల పడకలను సగానికి, అంటే 75,000 మేర తగ్గిస్తామని ప్రకటించాడు. రోగులను జీవితాంతం నాలుగు గోడల మధ్య బంధించడం మానాలన్నది మంచి ఆలోచనే. దాన్ని నేను తప్పు పట్టను. తప్పు తరవాత జరిగింది. చికిత్సాలయాలు మూసినంత వేగంగా, ఊళ్లలో వాళ్లను చూసుకునే ఏర్పాట్లు రాలేదు. 1986లో అక్కడి ఆడిట్ కమిషన్ ఈ మాటే తేల్చిచెప్పింది. ఇవాళ ఇంగ్లండులో మానసిక రోగులకు దగ్గర్లో పడక దొరక్క, సొంత జిల్లా దాటించి ఎక్కడికో పంపుతున్నారు. ఆ పద్ధతిని 2021 నాటికి ఆపేస్తామన్న ప్రభుత్వం మాట నిలబెట్టుకోలేకపోయింది. పాత గోడలను అట్టే పెట్టుకోవాలని ఎవరూ అనరు. ఆ నేల విలువ ఆ రోగులదే కదా. అది వాళ్ల కొత్త చికిత్సకు ఎంతవరకు చేరిందన్నదే ప్రశ్న.

ఇక్కడ లెక్కల పద్ధతి గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే అసలు మలుపు అక్కడే ఉంది. చాలాకాలం ఆస్పత్రికి భూమి ఉచితమే. ఎంత స్థలం ఆక్రమించుకుని కూర్చున్నా ఎవరి పద్దులోనూ ఖర్చు పడేది కాదు. అందుకే ఎవరూ ఖాళీ చేసేవారు కాదు, పాడుబడ్డ వార్డులు పాడుబడ్డట్టే ఉండేవి. 1983లో కెరీ డేవిస్ అధ్యక్షతన వేసిన విచారణ బృందం ఈ సంగతి బయటపెట్టింది. భూమికీ భవనానికీ కూడా విలువ కట్టాలని చెప్పింది. 1991 నుంచి ఆస్పత్రులు తమ చేతిలో ఉన్న ఆస్తి విలువ మీద ఏటా కొంత మొత్తం ప్రభుత్వానికి చెల్లించే పద్ధతి వచ్చింది. వాడని స్థలం ఉంచుకుంటే నష్టం, వదులుకుంటే లాభం. ఇందులో న్యాయం ఉంది. ప్రజల ఆస్తిని బూజు పట్టనివ్వడం కూడా ప్రజలకు చేసిన అన్యాయమే. అయితే ఈ పద్ధతికి ఒక గుడ్డితనం ఉంది. ఈ ఏడాది ఖాళీగా ఉన్న ఎకరం దానికి భారంగానే కనబడుతుంది. ముప్ఫై ఏళ్ల తరవాత అదే ఎకరం కోసం ఊరంతా వెతుక్కోవలసి వస్తుందన్నది ఏ ఏటి పద్దులోనూ రాయరు.

అమ్మకాలన్నీ చెడ్డవని అనుకుంటే పొరపాటు. లండన్ మధ్యలో మిడిల్‌సెక్స్ ఆస్పత్రి ఉండేది. యూనివర్సిటీ కాలేజ్ హాస్పిటల్ యాజమాన్యం 2005లో యూస్టన్ రోడ్డు మీద కొత్త భవనం తెరిచి, విడివిడిగా ఉన్న విభాగాలను అక్కడికి చేర్చింది. ఖాళీ అయిన మిడిల్‌సెక్స్ స్థలాన్ని మరుసటి ఏడాది 17.5 కోట్ల పౌండ్లకు అమ్మింది. రెండేళ్లకే ప్రపంచ ఆర్థిక సంక్షోభం వచ్చింది. కొన్నవారికి అప్పిచ్చిన ఐస్‌లాండ్ బ్యాంకు కుప్పకూలింది. ఆస్పత్రి కూల్చేసిన స్థలం ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉంది. నష్టం కొనుగోలుదారులకు తగిలింది, ఆస్పత్రికి కాదు. అమ్మేనాటికి కొత్త ఆస్పత్రి పని మొదలుపెట్టింది, ఏ విభాగం ఎక్కడికి వెళుతుందో తేలిపోయింది, ధర బాగా ఉన్నప్పుడు డబ్బు చేతికొచ్చింది. వైద్యపు పథకం ముందు నడిచి, అమ్మకం దాని వెనక వచ్చింది. అప్పట్లో ఆ సంస్థకు అధిపతి రాబర్ట్ నేలర్. ఈ పేరు గుర్తుంచుకోండి, ఎందుకంటే పదేళ్ల తరవాత దేశం మొత్తానికి ఇదే దారి చూపమని ప్రభుత్వం ఆయన్నే అడిగింది.

2017 మార్చిలో వచ్చిన నేలర్ నివేదిక చెప్పింది ఇదీ. ఆరోగ్య సేవకు భవనాల మీద దాదాపు 1,000 కోట్ల పౌండ్ల పెట్టుబడి కావాలి. మిగులు స్థలాల అమ్మకం ద్వారా 270 కోట్ల పౌండ్ల వరకు రాబట్టవచ్చు, ఆ స్థలాల్లో 26,000 ఇళ్లు కట్టవచ్చు. అమ్మి తెచ్చిన ప్రతి పౌండుకూ ప్రభుత్వం రెండు పౌండ్లు కలిపి ఇవ్వాలి. ఆ నివేదికను నేను దురుద్దేశంతో రాసినదిగా చూడను. పెట్టుబడి లేక ఆస్పత్రులు శిథిలమవుతున్నాయన్న బాధ అందులో ఉంది. అయితే అమ్మి తెచ్చుకోగలిగింది అవసరంలో మూడోవంతు కూడా లేదని ఆ అంకెలే చెబుతున్నాయి. మిగతాది ప్రభుత్వం ఇస్తేనే లెక్క కుదురుతుంది. ప్రభుత్వం అప్పటికి ఏం చేస్తోంది? భవనాలకూ యంత్రాలకూ కేటాయించిన మూలధనాన్ని జీతాలకూ మందులకూ రోజువారీ ఖర్చులకూ మళ్లిస్తోంది. 2014-15 నుంచి 2018-19 వరకు అలా మళ్లించింది 430 కోట్ల పౌండ్లని అక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయం 2020లో లెక్క చూపింది. నేలర్ చూపిన అమ్మకాలన్నీ జరిగినా రాని డబ్బు అది. ఒక చేత్తో ఎద్దులను అమ్మి, ఇంకో చేత్తో విత్తనాల డబ్బు తినేస్తే సేద్యం ఎలా సాగుతుంది? ఫలితం అంకెల్లోనే ఉంది. చేయకుండా వాయిదా వేసిన మరమ్మతుల విలువ 2016-17లో 550 కోట్ల పౌండ్లు ఉంటే, 2023-24 నాటికి 1,380 కోట్లకు చేరింది. కింగ్స్ లిన్ పట్టణంలోని క్వీన్ ఎలిజబెత్ ఆస్పత్రిలో పైకప్పు కూలకుండా వేల సంఖ్యలో ఊతకర్రలు, ఉక్కు స్తంభాలు నిలబెట్టారు. రోగుల మంచాల మధ్య ఆ స్తంభాలు. స్థలాలు అమ్మిన దేశపు ఆస్పత్రుల పరిస్థితి అది. 2024లో ప్రభుత్వం కోరిక మీద పరిశీలించిన డాక్టర్ డార్జీ, గడిచిన పదిపదిహేనేళ్లలో ఆరోగ్య సేవకు రావలసిన పెట్టుబడిలో 3,700 కోట్ల పౌండ్లు తరిగిపోయాయని లెక్కగట్టారు. ఆ లోటు ముందు భూముల అమ్మకం ఏ మూలకు?

పడకలు తగ్గుతున్నప్పుడు స్థలం ఎందుకని అడిగేవాళ్లున్నారు. ఇది బలమైన ప్రశ్నే. ఇంగ్లండులో 1987 ప్రాంతంలో దాదాపు 2,99,000 ఆస్పత్రి పడకలు ఉండేవి, 2019-20 నాటికి అవి 1,41,000 దగ్గరికి వచ్చాయి. శస్త్రచికిత్స అయిన రోజే ఇంటికి వెళ్లేవాళ్లు పెరిగారు, మందులు మెరుగుపడ్డాయి. మరి సగం స్థలం అమ్మేయవచ్చు కదా? అలా అనుకుంటూ ఉండగానే 2020 వచ్చింది. ఏప్రిల్‌లో లండన్‌లో ఎక్సెల్ అనే ప్రదర్శనశాలను హడావిడిగా కోవిడ్ ఆస్పత్రిగా మార్చారు. అదే నెలలో హైదరాబాదులో గచ్చిబౌలి క్రీడా గ్రామంలోని బహుళ అంతస్తుల భవనాన్ని ఆస్పత్రిగా మార్చి టిమ్స్ అని పేరు పెట్టారు. రెండు నగరాలూ తమ ఆస్పత్రుల ఆవరణలు దాటి వెతుక్కోవలసి వచ్చింది. మహమ్మారి నూరేళ్లకోసారి వచ్చేది, దానికోసం భూములు దాచుకుంటామా అని మళ్లీ అడగవచ్చు. మహమ్మారి సంగతి పక్కన పెట్టండి. భవనానికి వయసు వస్తుంది. పాత ఆస్పత్రిలో వైద్యం ఆపకుండా పక్కనే కొత్తది కట్టాలంటే ఖాళీ స్థలం ఉండాలి. ఆ ఖాళీని మిగులని అమ్మేసిన ఆస్పత్రి, తరవాత తనను తాను తిరిగి కట్టుకోలేదు.

ఈ సంగతిని మన హైదరాబాదు అనుభవం చెప్పినంత సూటిగా ఇంకేదీ చెప్పదు. ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రి ఆవరణలో నవాబు ఫక్రుల్ ముల్క్ కట్టించిన ఇర్రంనుమా భవనం ఉంది, చుట్టూ చెట్లు, విశాలమైన స్థలం. 2015 జనవరిలో రాష్ట్ర మంత్రివర్గం ఆ స్థలంలో సచివాలయం కట్టాలనీ, ఆస్పత్రిని వికారాబాదు దగ్గర అనంతగిరి కొండలకు తరలించాలనీ నిర్ణయించింది. అది అమ్మకం కాదు, మళ్లింపు. అయినా ప్రశ్న అదే. క్షయరోగికి కొండగాలి మంచిదన్న వాదన కూడా వినబడింది. ఆ వాదనకు మద్రాసు పరిశోధన 1959లోనే జవాబు చెప్పింది. వారం వారం మందులకూ పరీక్షలకూ వచ్చే కూలీమనిషికి, డెబ్బై ఎనభై కిలోమీటర్ల అవతల కొండ మీది ఆస్పత్రి ఉన్నా లేనట్టే. రోగులూ డాక్టర్లూ వ్యతిరేకించారు, ఆ ప్రతిపాదన ఆగిపోయింది. ఆ తరవాత ఏం జరిగిందో గమనించండి. 2022 ఏప్రిల్‌లో అదే ప్రభుత్వం నగరంలో మూడు పెద్ద ఆస్పత్రులకు శంకుస్థాపన చేసింది. వాటిలో ఒకటి ఈ ఎర్రగడ్డ ఆవరణలోనే, వెయ్యి పడకలతో. ఏడేళ్ల కిందట ఆస్పత్రికి అక్కరలేదనుకున్న నేల మీదే మరో ఆస్పత్రి. ఆ మూడింటిలో ఇంకొకదాని కోసం గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను బాటసింగారానికి తరలించారు. వ్యాపారులు కోర్టుకెక్కారు. 2025 జనవరి 31న కొత్త ఉస్మానియా ఆస్పత్రికి గోషామహల్ పోలీసు స్టేడియంలో, దాదాపు 26 ఎకరాల్లో పునాది వేశారు. మైదానం పోతుందని చుట్టుపక్కలవాళ్లు నిరసన తెలిపారు. పెరిగే నగరంలో ఆస్పత్రికి స్థలం కావాలంటే మార్కెట్టునో మైదానాన్నో కదిలించాలి, ఎవరినో ఏడిపించాలి. ఇప్పటికే చేతిలో ఉన్న ఆస్పత్రి స్థలం విలువ కట్టేటప్పుడు చదరపు గజం ధరతో పాటు ఈ ఖర్చు కూడా కలపాలి.

మన దగ్గర మరో అభ్యంతరం గట్టిగా వినిపిస్తుంది. ఖాళీగా వదిలితే కబ్జా అవుతుంది, అమ్మేస్తే కనీసం డబ్బయినా వస్తుంది అని. భయం నిజమే. దానికి మందు సర్వే, హద్దురాళ్లు, ప్రహరీగోడ. ముఖ్యంగా వాడకం. నర్సులకూ జూనియర్ డాక్టర్లకూ క్వార్టర్లు, రోగి సహాయకులు రాత్రి తలదాచుకునే వసతి, రక్తనిధి, ఫిజియోథెరపీ కేంద్రం. ప్రభుత్వ ఆస్పత్రి వరండాల్లో చాపలు పరుచుకుని పడుకునే బంధువులను చూసినవాళ్లెవరూ ఆస్పత్రి దగ్గర భూమి మిగిలిందని అనలేరు. కబ్జాదారుడికి దక్కకూడదని వేలంలో అమ్మితే, రోగికి మాత్రం రెండు విధాలా దక్కకుండా పోతుంది.

నిజంగా అక్కరలేని స్థలం ఉండదా? ఉంటుంది. ఊరు కదిలిపోయి ఒంటరిగా మిగిలిన పాత డిస్పెన్సరీ, ఆస్పత్రికి దూరంగా దానంగా వచ్చిన చిన్న చెక్క, వీటిని అమ్మడంలో తప్పులేదు. అలాంటివాటికి ఇంగ్లండు నియమాలు కొన్ని మనం తీసుకోదగినవి. అక్కడ మిగులని తేల్చిన స్థలాన్ని ముందు ఒక ఉమ్మడి రిజిస్టర్‌లో పెడతారు. ఇతర ప్రభుత్వ సంస్థలు తమకు కావాలేమో చూసుకోవడానికి 40 పనిదినాల గడువిస్తారు. ఒకప్పుడు బలవంతంగా సేకరించిన భూమి అయితే, మామూలుగా పాత యజమానికో వారసులకో ముందు చూపాలి. 1954లో క్రిచెల్ డౌన్ అనే చోటి భూమి మీద రేగిన వివాదంలో ఒక మంత్రి రాజీనామా చేసిన తరవాత స్థిరపడ్డ నియమం అది. కొన్నవాడు తరవాత అనుమతులు పెంచుకుని ఎక్కువ లాభం గడిస్తే అందులో కొంత అమ్మిన ఆస్పత్రికి తిరిగి వచ్చేలా ఒప్పందంలో షరతు పెట్టే వీలుంది. ఆరోగ్య సేవ ఏటా తన మిగులు స్థలాల జాబితా ప్రచురిస్తుంది. ఎవరైనా చూడవచ్చు. ఏ ఆస్పత్రికి ఎన్ని ఎకరాలు, ఏ సర్వే నంబరు, ఎంత వాడకంలో ఉంది, ఇలాంటి జాబితా మన జిల్లాల్లోనూ అందరికీ అందుబాటులో ఉంటే అమ్మకం వార్త పేపర్లో చూసి ఉలిక్కిపడే అవసరం రాదు.

చివరిగా లీజు సంగతి. అమ్మకుండా లీజుకిస్తే భూమి మన చేతిలోనే ఉంటుంది, అయితే దాని లోపం కూడా చెప్పాలి. ఢిల్లీలో ఇంద్రప్రస్థ అపోలో ఆస్పత్రికి 15 ఎకరాలు నామమాత్రపు రూపాయి అద్దెకు ఇచ్చారు. ప్రతిఫలంగా మూడోవంతు పడకల్లో, బయటి రోగుల్లో 40 శాతం మందికి ఉచితంగా వైద్యం చేయాలన్నది షరతు. ఆ షరతు అమలు కోసం ప్రజలు కోర్టుకెళ్లాల్సి వచ్చింది. 2009లో ఢిల్లీ హైకోర్టు ఆదేశించేదాకా అది కాగితం మీదే చాలావరకు నిలిచింది. రాయితీ భూమి పొందిన ఢిల్లీ ప్రైవేటు ఆస్పత్రులు పేదలకు ఉచితంగా వైద్యం చేయాల్సిందేనని సుప్రీంకోర్టు 2018 జూలైలో చెప్పింది. అంటే లీజు పత్రం ఒక్కటే సరిపోదు, దాన్ని కాపలా కాసే మనిషి కావాలి. అయినా అమ్మకం కన్నా లీజే నయం. అమ్మేసిన భూమి మీద కోర్టు కూడా ఏమీ చేయలేదు, లీజు మీద చేయగలిగింది. ఆ కాపలాను కోర్టు దాకా పోనివ్వకుండా ఆస్పత్రి గేటు దగ్గరే పెట్టవచ్చు. ఉచిత పడకలు మొత్తం ఎన్ని, ఈ ఉదయానికి ఖాళీ ఎన్ని, ఎవరిని అడగాలి, ఈ మూడూ తెలుగులో బోర్డు మీద రోజూ రాయాలని లీజులోనే షరతు పెడితే, అర్ధరాత్రి ఆటోలో రోగిని తీసుకొచ్చినవాడు తన హక్కును అక్కడికక్కడే అడిగి తీసుకోగలుగుతాడు.